డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు : విద్యార్థిగా, పరిశోధకునిగా

జీవశాస్త్రం అభ్యసించే విద్యార్థి ఏ తరగతిలో నున్నను, ఎ.టి.పి. అనే మూడక్షరాలను ఎరుగనివాడుండడు. కణంలో శక్తి ఏ రూపంలో నిలువ ఉంటుందని పరీక్షలో అడిగిన వెంటనే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అని వ్రాసి మార్కులు గైకొంటాడు. కాని ఆ పదార్థాన్ని కండరం నుండి వేరుచేసి లోకానికి చూపినవారిలో ఒకరు మన గోదావరి తీరంలో పుట్టి పెరిగిన తెలుగువాడనియు, ఆయన మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పినవాడనియు మనలో ఎందరికి తెలుసు? పాఠ్యగ్రంథంలో పదార్థం నిలిచింది, మనిషి మరుగున పడినాడు. ఆ మనిషిని ఈ సంచిక ద్వారా మన విద్యార్థులకు మరల పరిచయం చేయవలెనని మేము సంకల్పించాము. ఆయన ఘనతను కీర్తించుట మాత్రమే మా ఉద్దేశం కాదు. ఒక బడి, ఒక కళాశాల, ఒక ప్రయోగశాల కలిసి ఒక శాస్త్రజ్ఞుని ఎట్లు తయారుచేస్తాయో, ఎక్కడెక్కడ చేయలేకపోతాయో ఆయన జీవితం చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పజాలదని మా నమ్మకం.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. సంతానం ఎక్కువ, రాబడి తక్కువ. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం మానుకొనవలసి వచ్చిన తరువాత ఇంటి భారమంతయు తల్లిపై పడింది. రాజమహేంద్రవరంలో చదువుకుంటున్న బాలుడు పదమూడేళ్ల ప్రాయంలో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి బయలుదేరినాడని చెబుతారు. దారిలోనే పట్టి తెచ్చి తల్లి మరల బడిలో కూర్చుండబెట్టింది. కొంతకాలానికి తండ్రి మరణించారు. చదువు కుంటుపడింది. చివరకు మద్రాసు హిందూ హైస్కూలు నుండి, మూడవ పర్యాయానికి గాని మెట్రిక్యులేషన్ గట్టెక్కలేదు.

ఈ ఘట్టాన్ని చాలామంది వినోదంగా చెప్పుకొంటారు. పరీక్ష తప్పినవాడు మహనీయుడైనాడు కనుక పరీక్ష తప్పుట మేలే అన్నట్లు ధ్వనింపజేస్తారు. మేము అట్లు తలచుటలేదు. పరీక్ష తప్పిన బాలురు ఆనాడు వేలకొలది ఉన్నారు, వారిలో అత్యధికులు చదువు మానివేసి మరుగున పడినారు. సుబ్బారావు మరుగున పడకపోవుటకు కారణం పరీక్ష తప్పుట కాదు, తప్పిన కుమారుని రెండవసారి, మూడవసారి పరీక్షకు పంపిన తల్లి. ఆమె పట్టుదల లేకున్నచో ఈ కథ రాజమహేంద్రవరంలోనే ముగిసి ఉండేది.

అటుపిమ్మట ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివారు. ఆ రోజులలో ఆయన మనస్సు రామకృష్ణ మఠంవైపు మొగ్గింది. సన్యసించి సేవ చేయవలెనని కోరుకున్నారు. తల్లి అనుమతి లేనిదే మఠంవారు స్వీకరించలేదు, తల్లి అనుమతించలేదు. సేవయే కోరికయైనచో వైద్యం నేర్చుకొని సేవ చేయవచ్చునన్న సలహా ఆయనకు నచ్చింది. ఆ విధంగా మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. మిత్రుల ఔదార్యం వలనను, 1919లో శేషగిరిని వివాహమాడిన పిదప మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సహాయం వలనను చదువు సాగింది.

అవి గాంధీజీ పిలుపుపై విదేశీ వస్త్ర బహిష్కారం సాగుతున్న దినాలు. శస్త్రచికిత్స సమయంలో విద్యార్థులు ధరించే అంగీని సైతం ఖద్దరుతో కుట్టించుకొని సుబ్బారావు తరగతికి పోయినారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది రుచించలేదు. వ్రాత పరీక్షలలో బాగుగనే వ్రాసినను సుబ్బారావుకు పూర్తి పట్టమైన ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి పట్టంతో ఆయన 1921లో కళాశాల వెలుపలికి వచ్చారు. విద్యార్థి ఏమి నేర్చినాడన్నదానికన్న ఏ గుడ్డ కట్టినాడన్నది ముఖ్యమైనప్పుడు కళాశాల తన ధర్మం తప్పినట్లే. ఆ తప్పిదం ఖరీదు ఎంతయో తరువాతి ఇరువది ఏండ్లలో తెలిసింది. ప్రభుత్వ వైద్యసేవలో ప్రవేశానికి ఆయన చేసిన ప్రయత్నం ఫలించలేదు.

అప్పుడు ఆయనకు ఆశ్రయమిచ్చినది మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాల. అక్కడ శరీరనిర్మాణ శాస్త్రం బోధించే ఉపాధ్యాయుడుగా చేరినారు. ఆయుర్వేద ఔషధాల గుణాలు ఆయనను ఆకర్షించాయి. వాటిలో పనిచేసే పదార్థమేదో వేరుచేసి చూడవలెనని తపించారు. కాని వేరుచేయుటకు కావలసిన రసాయనశాస్త్ర జ్ఞానం గాని, పరికరాలు గాని ఆయన కందుబాటులో లేవు. ఇదే కాలానికి కొంచెం అటూ ఇటూగా ఇంటిలో మహావిపత్తు సంభవించింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే వ్యాధికి బలియైనారు. తిన్న ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి, మనిషి ఎండిపోయే వ్యాధి అది. వైద్యం చదివిన సోదరుడు ప్రక్కన ఉండియు ఏమియు చేయలేకపోయినాడు. మందు లేదు. మందు ఎందుకు లేదన్న ప్రశ్నయే ఆయనను సముద్రం దాటించిందని మేము భావిస్తున్నాము.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆర్థిక సహాయం, మామగారి తోడ్పాటు కలిసిరాగా సుబ్బారావు 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ నగరం చేరినారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో చేరినారు. తీసుకొనిపోయిన డబ్బు త్వరలోనే తరిగిపోయింది. మన దేశంలో వైద్యపట్టం పొందినవాడు అక్కడ ఒక ఆస్పత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పనికి కుదిరినాడు. పగలు చదువు, రాత్రి చాకిరి. ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేతికందిన పిమ్మట వైద్యవృత్తిని వదలి, జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రజ్ఞుని వద్ద ప్రయోగశాలలో కాలు పెట్టారు. అప్పటికి ఆయనకు ఇరువది ఎనిమిదేండ్లు దాటినాయి. ఆ వయస్సులో మరల విద్యార్థియై, కొలుచుట ఎట్లో మొదటినుండి నేర్చుకున్నారు.

ఫిస్కే ఆయన కప్పగించిన పని వినుటకు అతి సామాన్యం. రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలుచుటకు సులభమైన పద్ధతి కనిపెట్టవలెను. ద్రావణంలోని ఫాస్ఫేటుకు ఆమ్లం సమక్షంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, తగిన క్షయకరణ పదార్థాన్ని చేర్చినచో నీలిరంగు పుట్టుతుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువ ఉన్నచో రంగు అంత చిక్కన. ఆ రంగును, పరిమాణం తెలిసిన మరొక ద్రావణపు రంగుతో పోల్చి చూచినచో లెక్క తేలుతుంది. ఇట్టి పద్ధతులు అంతకుముందును ఉన్నవి గాని, రంగు నిలకడగా, త్వరగా వచ్చేవి కావు. సుబ్బారావు, ఫిస్కే కలిసి సరియైన క్షయకరణ పదార్థాన్ని ఎన్నుకొని, 1925లో తమ పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది ప్రపంచమంతటా ప్రయోగశాలలలో వ్యాపించింది. జీవరసాయన శాస్త్రం చదివే విద్యార్థులు తరువాతి తరాలలోను దానిని ప్రాక్టికల్ తరగతిలో చేస్తూ వచ్చారు.

ఇక అసలైన ఘట్టానికి వస్తాము. ఈ పద్ధతితోనే కండరం నుండి తీసిన ద్రవాన్ని పరీక్షిస్తూ ఉండగా ఒక చిత్రం కనిపించింది. రంగు రావలసిన వేళకు రాలేదు. నెమ్మదిగా, నిమిష నిమిషానికి కొంచెం కొంచెంగా చిక్కబడుతూ వచ్చింది. తొందరపడేవాడైనచో పరికరం చెడిపోయినదనియో, రసాయనం పాతబడినదనియో అనుకొని ఆ ద్రావణాన్ని పారబోసి మరొకటి తయారుచేసుకొనేవాడు. పరీక్షకై రికార్డు నింపుకొనే విద్యార్థియైనచో రావలసిన అంకెను ప్రక్కవాని పుస్తకం చూచి వ్రాసుకొనేవాడు. ఆ ఇద్దరు శాస్త్రజ్ఞులు అట్లు చేయలేదు. రంగు ఆలస్యంగా వచ్చుటకు కారణమేదో ద్రావణంలోనే ఉండవలెనని తర్కించారు. ఫాస్ఫేటు అంతయు స్వేచ్ఛగా లేదు, కొంత మరొక పదార్థంతో బంధింపబడి ఉన్నది, ఆమ్లంలో ఆ బంధం క్రమంగా విడిపోవుచున్నది గనుకనే రంగు క్రమంగా పెరుగుచున్నది అని గ్రహించారు. ఆ బంధింపబడిన పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని లోకానికి వెల్లడించారు. రెండేండ్లకు, 1929లో, అదే కండరం నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వేరుచేసి ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ అనే శాస్త్రజ్ఞుడు స్వతంత్రంగా దానినే కనుగొన్నాడు.

దీని ప్రాముఖ్యం ఎట్టిదో ఒక మాటలో చెబుతాము. కండరంలో గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారుటయే సంకోచానికి మూలమన్న సిద్ధాంతం ఆనాడు సర్వసమ్మతమై ఉండేది. ఆ దిశలో చేసిన కృషికి హిల్, మేయర్‌హాఫ్ అనే శాస్త్రజ్ఞులకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.లు బయటపడిన పిదప ఆ సిద్ధాంతాన్ని సవరించుకొనక తప్పలేదు. ఒక గాజుగొట్టంలో ఆలస్యంగా వచ్చిన నీలిరంగు ఇంతటి మార్పు తెచ్చింది. మార్కులు తెచ్చే జవాబు ముందే తెలిసి ఉంటుంది, శాస్త్రాన్ని నడిపే జవాబు మాత్రం తప్పుగా కనిపించిన అంకెలో దాగి ఉంటుంది.

1930లో సుబ్బారావు హార్వర్డ్ నుండి పిహెచ్.డి. పట్టం పొందారు. మరో పది సంవత్సరాలు అక్కడే చిన్న పదవులలో పనిచేసినను శాశ్వతోద్యోగం లభించలేదు. తన పేరు ముందుకు తెచ్చుకొనే నేర్పు ఆయనకు లేదు. ఫిస్కేతో చేసిన పనిలో కొంతభాగం ప్రచురణకు నోచుకొనక మూలబడింది. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఇతరులు ఏండ్ల పిమ్మట మరల కనుగొనవలసి వచ్చినదని అంగీకరించారు. ఆ దినాలలోనే కాలేయం నుండి రక్తహీనతను పోగొట్టే పదార్థాన్ని వేరుచేయుటకు ఆయన పూనుకొన్నారు. ఆ పనిలో సోదరుల మరణం ఆయన మనస్సులో మెదలుచుండెననుటకు వేరే సాక్ష్యం అవసరం లేదు.

1940లో హార్వర్డ్ విడిచి, న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊరనున్న లెడర్లీ ఔషధ ప్రయోగశాలలలో చేరినారు. కొలది కాలంలోనే అక్కడ పరిశోధనకు అధిపతియైనారు. విశ్వవిద్యాలయంలో ఒంటరిగా బల్లముందు నిలిచిన మనిషి ఇప్పుడు రసాయనజ్ఞులు, వైద్యులు, వృక్షశాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవి శాస్త్రజ్ఞులు కలిసిన పెద్ద బృందాన్ని నడిపించారు. తరువాతి ఎనిమిదేండ్లలో ఆ బృందం సాధించినవాటిలో నాలుగింటిని మాత్రం ఇక్కడ చెబుతాము.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. దీని కథ మన దేశంలోనే మొదలైనది. బొంబాయిలో గర్భిణీ స్త్రీలను పీడించిన రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు నుండి తీసిన ఆహారపదార్థంతో అది నయమగునని 1931లో ప్రకటించారు. అందులో ఉన్న పదార్థమేదో తెలియలేదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర నుండి రవ్వంత పదార్థం తీసి, ఆకుకు లాటిన్ భాషలో ఉన్న పేరును బట్టి ఫోలిక్ ఆమ్లమని నామకరణం చేశారు. దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసి రోగికి అందుబాటులోకి తెచ్చినది సుబ్బారావు బృందం, 1945లో. ఆయన వెదకినది పెర్నీషస్ రక్తహీనతకు మందు. ఆ వ్యాధికి సరియైన మందు బి12 విటమిన్ అని 1948లో ఇతరులు తేల్చినారు. కాని ఆయన చేతికి చిక్కిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ వ్యాధిని నయం చేసింది. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు దొరికింది, పాతికేండ్లు ఆలస్యంగా.

రెండవది, ఆ ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే పదార్థాలు. బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తపు కాన్సరుతో మరణించుచున్న పసిపిల్లలకు లెడర్లీవారు తయారుచేసిన అమినోప్టెరిన్ ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగానైనను శాంతించుటను 1948లో వెల్లడించారు. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికిని కాన్సరుకు, కీళ్లవాతానికి వాడబడుచున్నది.

మూడవది ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి ఔషధాలలో మొదటిది. దీనిని కనిపెట్టిన బెంజమిన్ డగ్గర్ వృక్షశాస్త్ర ఆచార్యుడుగా విశ్వవిద్యాలయం నుండి పదవీవిరమణ చేసిన వృద్ధుడు. డెబ్బది ఏండ్లు దాటినవానికి ప్రయోగశాలలో చోటు కల్పించి, మట్టి నమూనాలలో సూక్ష్మజీవులను వెదకే పని అప్పగించిన సంస్థలో పరిశోధనాధిపతి సుబ్బారావు. మిస్సోరీ రాష్ట్రపు ఒక పొలం మట్టిలో ఆ సూక్ష్మజీవి దొరికింది. వృక్షశాస్త్రం చదివినవారికి ఉపాధి లేదని నిరాశపడే మన విద్యార్థులు ఈ ఉదంతాన్ని గుర్తుంచుకొనవలెను.

నాలుగవది బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్. 1947లో వెలువడిన ఈ మందు, ఆయన పుట్టిన గోదావరి మండలంతో సహా కోస్తా జిల్లాలలో తరతరాలుగా జనులను పీడించిన వ్యాధికి ఉపయోగపడింది. తరువాత మన ప్రభుత్వం ఇంటింటికి తిరిగి పంచిన బోదకాలు మాత్రలు ఇవే. గర్భిణీ స్త్రీలకు ఆరోగ్యకేంద్రాలలో ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నదియు ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమే. మందు ఇంటికి వచ్చింది, మనిషి మాత్రం రాలేదు.

ఈ మాట చెప్పక విడుచుట న్యాయం కాదు. 1922లో ఓడ ఎక్కిన సుబ్బారావు మరల స్వదేశానికి తిరిగి రాలేదు. ఆయన వెళ్లిన పిమ్మట జన్మించిన కుమారుడు శైశవంలోనే కన్నుమూసినాడు, తండ్రి బిడ్డ ముఖం చూడలేదు. భార్య శేషగిరి ఏండ్ల తరబడి ఎదురుచూచి ఎదురుచూచి ఒంటరిగా మిగిలినది. శాస్త్రం కోసం చేసిన త్యాగమని మనం సులభంగా అంటాము. ఆ త్యాగంలో పెద్ద భాగం ఎవరి అంగీకారంతోను నిమిత్తం లేకుండ ఆ ఇల్లాలి వంతుకు వచ్చినదని కూడ అనవలెను. ఇంతటి ప్రతిభావంతునికి స్వదేశంలో ఒక బల్ల, ఒక తులాదండం, నాలుగు రసాయనాలు దొరికి ఉన్నచో ఆ ఇల్లు అట్లయ్యేది కాదేమో. 1948 ఆగస్టులో ఒకనాటి రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన మరణించారు. అప్పటికి వయస్సు యాభై మూడు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలాబిళ్ల విడుదల చేసింది.

ఇక ఈ జీవితం మన కళాశాలకు ఏమి చెబుతున్నది? మేము రెండు మాటలు మనవి చేస్తాము, ఒకటి విద్యార్థులకు, ఒకటి కళాశాల కమిటీ పెద్దలకు.

విద్యార్థి మిత్రులారా! మీలో చాలామంది వైద్య ప్రవేశపరీక్షలో సీటు రానందువల్ల బి.యస్.సి.లో చేరినవారు. ఆ తలుపు మూసుకొనగానే జీవశాస్త్రంలో తమకిక దారి లేదని తలచి, మూడేండ్లు నిరుత్సాహంతో గడుపుచున్నారు. వైద్యపట్టం కలిగియుండియు ఆ వృత్తి వదలి ప్రయోగశాలకు పోయిన మనిషి కథ ఇప్పుడు చదివినారు. మందు వ్రాసి ఇచ్చే వైద్యుని వెనుక ఆ మందును కనిపెట్టినవారు, కొలిచినవారు, పరీక్షించినవారు వందలమంది ఉంటారు. ఆ పనులకు కావలసినవి మీ తరగతి గదిలోనే మొదలగుచున్నవి. అయితే వాటిని కంఠస్థం చేయుటవలన రావు. ప్రాక్టికల్ తరగతిలో మీ ద్రావణం రంగు మారనప్పుడు ప్రక్కవాని అంకె వ్రాసుకొనుట మానండి. మీకు వచ్చిన అంకెనే వ్రాయండి, ఎందుకు వచ్చినదో అధ్యాపకుని అడగండి. జీవశాస్త్రం తీసుకొన్నాము గదా అని రసాయనశాస్త్రాన్ని, గణితాన్ని దూరం పెట్టకండి. ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావును ఆపినది ఆ లోటే. ఉర్దూ మాధ్యమంనుండి గాని, తెలుగు మాధ్యమంనుండి గాని వచ్చి ఆంగ్ల గ్రంథం ముందు తడబడేవారు సిగ్గుపడవలసిన పని లేదు. మూడుసార్లు పరీక్షకు కూర్చున్న బాలుడు ఏ స్థాయికి పోయినాడో చూచినారు గదా.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. ఒక ఖద్దరు అంగీ కారణంగా ఒక కళాశాల తన ఉత్తమ విద్యార్థిని గుర్తించలేకపోయింది. ఒక ధర్మసంస్థ ఇచ్చిన సహాయం ఆ విద్యార్థినే ప్రపంచానికి దక్కించింది. విద్యాసంస్థ ఈ రెండింటిలో ఏ పాత్రనైనను పోషింపగలదు. కొత్త భవనం కట్టుట శ్లాఘనీయమే. కాని ప్రయోగశాలలో పదిమంది విద్యార్థులకు ఒక సూక్ష్మదర్శిని ఉన్నచో తొమ్మిదిమంది వినుటయే గాని చూచుట లేదు. ప్రయోగశాల తాళం పరీక్షల నెలలో మాత్రమే తీసినచో, నీలిరంగు ఆలస్యంగా వచ్చిన సంగతి గమనించే తీరిక ఎవరికి ఉంటుంది? సాయంకాలం మరొక గంట ఆ తలుపు తెరచి ఉంచుటకు, పరీక్ష తప్పిన బీద విద్యార్థికి రెండవసారి రుసుము కట్టుటకు పెద్ద ధనం అవసరం లేదు. వెంకమ్మ తన కుమారునికి చేసినది అంతే.

రాబోయే సంవత్సరంలో మన జీవశాస్త్ర ప్రయోగశాల గోడపై సుబ్బారావు చిత్రపటం ఒకటి ఉండవలెనని మేము కోరుచున్నాము. దాని క్రింద ఆ గది తెరచి ఉండే వేళలు స్పష్టంగా వ్రాసి ఉండవలెననియు కోరుచున్నాము.